ఐస్ హాకీలో ఒక కుర్రాడు ఎప్పటిదాకా ‘ప్రాస్పెక్ట్’? తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక మాట. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడే హాకీ, అందులోనూ అమెరికా, కెనడాల్లో నడిచే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్. హర్మన్‌ప్రీత్ సింగ్ డ్రాగ్ ఫ్లిక్ కొట్టే మన మైదానపు హాకీ వేరు, అందులో ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి వేరు. ఫ్రిస్కోలోనో, మిస్సిసాగాలోనో, ఎడ్మంటన్‌లోనో ఉంటూ పిల్లల వల్ల ఈ ఆటలో పడ్డ తెలుగువాళ్ళకు, ఊరికే ఇష్టంతో చూసే అభిమానులకు వచ్చే ప్రశ్నలివి. అభిప్రాయాలు నావి. నిబంధనల అంకెలు 2013లో కుదిరి 2020లో పొడిగించిన లీగ్, ఆటగాళ్ళ ఒప్పందంలోవి. 2026 సెప్టెంబరు నుంచి కొత్త ఒప్పందం అమలు కాబట్టి కొన్ని అంకెలు మారవచ్చు, వెనకున్న ఆలోచన మాత్రం అదే.

ప్రాస్పెక్ట్ అని ఎవరిని అంటారు?

హక్కులు ఏదో ఒక ఎన్‌హెచ్‌ఎల్ జట్టు దగ్గర ఉండి, ఆ జట్టులో ఇంకా స్థిరమైన చోటు దొరకని కుర్రాడిని. ప్రతి వేసవిలో డ్రాఫ్ట్ జరుగుతుంది, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళ పేర్లు ఎంచుకుంటాయి. 32 జట్లు, ఏడు రౌండ్లు, మొత్తం 224 పేర్లు. చాలామందికి అప్పటికి 18 ఏళ్ళే. వాళ్ళలో ఆ అక్టోబరులోనే పెద్ద లీగ్‌లో నిలదొక్కుకునేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాళ్ళు కెనడా జూనియర్ లీగుల్లోనో, అమెరికా కాలేజీ జట్లలోనో, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా క్లబ్బుల్లోనో రెండేళ్ళు, మూడేళ్ళు, ఒక్కోసారి ఆరేళ్ళు రాటుదేలాలి. ఎన్‌హెచ్‌ఎల్‌కు సరిగ్గా కింది మెట్టు అమెరికన్ హాకీ లీగ్, అంటే ఏహెచ్‌ఎల్. చాలామంది దారి దాని మీదుగానే పోతుంది.

ఎప్పుడు ప్రాస్పెక్ట్ కాకుండా పోతాడో లీగ్ నిబంధనల్లో రాసి ఉందా?

లేదు. ఆ మాటకు అధికారిక నిర్వచనమే లేదు. అందుకే ఏటా ప్రాస్పెక్ట్‌ల ర్యాంకింగులు రాసేవాళ్ళలో ఒకరు 22 ఏళ్ళు దాటినవాళ్ళను తీసేస్తారు, ఇంకొకరు 23 అంటారు, మరొకరు మ్యాచ్‌ల సంఖ్య చూస్తారు. ఒకే కుర్రాడు ఒక జాబితాలో మూడో స్థానంలో ఉండి, ఇంకో జాబితాలో అసలు కనిపించడు. జట్టు భవిష్యత్తు ఎలా ఉందో తెలుసుకుందామని రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. ఎవరి జాబితా చూసినా ముందు అందులో వాడిన గీత ఏమిటో చూడండి, ర్యాంకులు తర్వాత.

రూకీ, ప్రాస్పెక్ట్ ఒకటేనా?

కాదు. రూకీకి కచ్చితమైన నిర్వచనం ఉంది, ఎందుకంటే ఏటా ఉత్తమ రూకీకి కాల్డర్ ట్రోఫీ ఇస్తారు. అంతకుముందు ఏ ఒక్క సీజన్‌లోనూ 25 కంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు. ఏ రెండు సీజన్లలోనూ ఒక్కోదానిలో ఆరు, అంతకంటే ఎక్కువ ఆడి ఉండకూడదు. ఆ సీజన్ సెప్టెంబరు 15 నాటికి 26 ఏళ్ళు నిండి ఉండకూడదు. లెక్కలోకి వచ్చేవి రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌లు మాత్రమే, ఆ తర్వాత టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ రావు.

ఈ వయసు షరతు వెనక ఒక కథ ఉంది. సోవియట్ జట్టులో దిగ్గజంగా పేరు తెచ్చుకున్న సెర్గీ మకరోవ్ 1989లో కాల్గరీకి వచ్చి, 31 ఏళ్ళ వయసులో 1990 కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. ప్రపంచ చాంపియన్‌షిప్పులు, ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషిని కొత్త కుర్రాడని ఎలా అంటామని గొడవైంది. ఆ తర్వాతే 26 ఏళ్ళ పరిమితి పెట్టారు.

రూకీ లెక్కనే ప్రాస్పెక్ట్ లెక్కగా వాడితే ఎంత ఇబ్బందో చూడండి. గోల్‌కీపర్ మాట్ మరే 2015-16లో పిట్స్‌బర్గ్‌కు రెగ్యులర్ సీజన్‌లో 13 మ్యాచ్‌లే ఆడాడు. తర్వాత ప్లేఆఫ్స్‌లో ప్రధాన గోలీగా నిలబడి లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిపించాడు. 2016-17లో కూడా నిబంధనల ప్రకారం అతను రూకీయే, ఆ ఏడాది కప్ మళ్ళీ వాళ్ళదే. రూకీ హోదాలోనే రెండు స్టాన్లీ కప్పులు! 1971లో మాంట్రియల్ గోలీ కెన్ డ్రైడెన్ ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ముందు గెలిచి, మరుసటి ఏడాది కాల్డర్ గెలిచాడు. వీళ్ళను ‘భవిష్యత్తులో ఏమవుతాడో చూడాలి’ అనే జాబితాలో పెడితే అర్థం లేదు.

డాలస్ అభిమానులకు దగ్గరి ఉదాహరణ లోగన్ స్టాన్‌కోవెన్. 2024 ఫిబ్రవరిలో ఏహెచ్‌ఎల్ నుంచి పైకి వచ్చి ఆ సీజన్‌లో 24 మ్యాచ్‌లు ఆడాడు. ఆపైన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా ప్లేఆఫ్స్ కూడా ఆడాడు. అయినా 2024-25లో అతను రూకీయే. నేను రాసుకునే ప్రాస్పెక్ట్‌ల జాబితాలో మాత్రం ఆ ప్లేఆఫ్స్ ముగిసేసరికే అతని పేరు సగం కొట్టేసినట్టు.

మరి మీరు గీత ఎక్కడ గీస్తారు?

నేను చూసేది ఒక్కటే: జట్టు అతని కోసం నష్టపోకుండా ఇంకా ఎంతకాలం వేచి ఉండగలదు?

ప్రాస్పెక్ట్ అనేది కుర్రాడి ప్రతిభకు పెట్టిన పేరు కాదు. జట్టుకూ అతనికీ మధ్య ఉన్న ఒక ఏర్పాటు. ఎన్నిసార్లయినా కింది లీగ్‌కు పంపి, మళ్ళీ పిలిపించి, ఇంకో ఏడాది చూద్దాం అనుకునే వెసులుబాటు జట్టుకు ఉన్నంత కాలం అతను ప్రాస్పెక్ట్. ఆ వెసులుబాటు రెండు రకాలుగా పోతుంది. ఒకటి, కుర్రాడు బాగా ఆడి, కిందికి పంపాలన్న ఆలోచనే ఎవరికీ రాని స్థితికి చేరతాడు. రెండు, అతను ఇంకా కుదురుకోకముందే నిబంధనల గడువు తీరిపోతుంది. మొదటిది ఎదగడం, రెండోది గడువు దాటడం. ఈ రెంటినీ ఒకే అంకెతో కొలవాలని చూడటం వల్లే చాలా జాబితాలు గందరగోళంగా ఉంటాయి.

ఎదిగినవాళ్ళకు నేను వాడే అంకె 80 మ్యాచ్‌లు, దాదాపు ఒక నిండు సీజన్. గడువు విషయంలో నేను వయసు కంటే ముందు వేవర్స్ చూస్తాను.

వేవర్స్ అంటే ఏమిటి? దానికింత ప్రాధాన్యం ఎందుకు?

అనుభవమున్న ఆటగాడిని ఏహెచ్‌ఎల్‌కు పంపాలంటే జట్టు ముందుగా అతన్ని మిగతా 31 జట్ల ముందు 24 గంటలు ఉంచాలి. కావాలన్న జట్టు అతని కాంట్రాక్టుతో సహా తీసుకుపోవచ్చు, పాత జట్టుకు బదులు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఇదే వేవర్స్. కొత్త కుర్రాళ్ళకు కొంతకాలం దీని నుంచి మినహాయింపు ఉంటుంది. 18 ఏళ్ళకు సంతకం చేసినవాడికి ఐదేళ్ళు లేదా 160 మ్యాచ్‌లు, 20 ఏళ్ళకు చేసినవాడికి మూడేళ్ళు లేదా 160 మ్యాచ్‌లు, 22 ఏళ్ళకు చేసినవాడికి మూడేళ్ళు లేదా 70 మ్యాచ్‌లు. ఏది ముందొస్తే అదే. పాతికేళ్ళకు సంతకం చేసినవాడికి ఒక్క ఏడాదే.

ఆ మినహాయింపు ఉన్నన్నాళ్ళు జట్టుకు భయం లేదు. అది తీరిన మరుసటి సెప్టెంబరు శిబిరంలో మాత్రం తేల్చుకోక తప్పదు: ఉంచుకోవాలా, ఇంకొకరు ఎత్తుకుపోతారని తెలిసీ వేవర్స్ మీద పెట్టాలా? ఏటా అక్టోబరు మొదటి వారంలో విడుదలయ్యే వేవర్స్ జాబితాలను నేను డ్రాఫ్ట్ కంటే శ్రద్ధగా చూస్తాను. మూడేళ్ళ కిందట వేదిక మీద జెర్సీ తొడుక్కుని తల్లిదండ్రులను కౌగిలించుకున్న కుర్రాళ్ళ పేర్లు వాటిలో కనిపిస్తాయి. ఆటలో ఇంతకంటే కఠినమైన వారం ఇంకోటి లేదు.

ఈలీ తోల్వనెన్ సంగతి చూడండి. 2017లో నాష్‌విల్ మొదటి రౌండులో, 30వ స్థానంలో తీసుకుంది. కొన్నేళ్ళు పైకీ కిందికీ తిరిగాడు. 2022 డిసెంబరులో వేవర్స్ మీద పెడితే సియాటిల్ తీసుకుంది. అప్పుడతనికి 23 ఏళ్ళు. ఆ సీజన్‌లో సియాటిల్ తరఫున 48 మ్యాచ్‌ల్లో 16 గోల్స్ కొట్టాడు. నాష్‌విల్ వేచి ఉండే గడువు తీరిందంతే, కుర్రాడి ఆట తీరిపోలేదు.

80 మ్యాచ్‌లు అనే అంకె ఎక్కడి నుంచి తెచ్చారు?

లీగ్ నుంచే. ఒప్పందంలో ఆరో గ్రూపు స్వేచ్ఛా ఆటగాళ్ళు అని ఒక తరగతి ఉంది. 25 ఏళ్ళు నిండి, మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రొఫెషనల్ సీజన్లు పూర్తయి, ఎన్‌హెచ్‌ఎల్‌లో 80 కంటే తక్కువ మ్యాచ్‌లు ఆడినవాడు తన కాంట్రాక్టు ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్ళిపోవచ్చు. గోలీకి ఆ అంకె 28.

దీని భావం ఏమిటంటే, “ఇన్నాళ్ళు ఉంచుకున్నారు, ఆడించలేదు, ఇక వదిలేయండి” అని లీగే చెబుతోంది. ప్రాస్పెక్ట్ అన్న మాట వాడకుండానే లీగ్ గీసిన గీత ఇది. దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ కానీ, నాకు తెలిసిన కొలతలన్నిటిలో నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే. కుర్రాడి కోణంలోంచి కూడా ఆలోచించి పెట్టిన కొలత ఇదొక్కటే.

ఏహెచ్‌ఎల్‌కు కూడా ఇలాంటిదే ఒకటుంది. మ్యాచ్‌కు దిగే 18 మంది స్కేటర్లలో (గోలీలు కాక మిగతావాళ్ళు) 13 మంది ‘ఎదుగుతున్న ఆటగాళ్ళు’ అయి ఉండాలి. వాళ్ళలో 12 మంది సీజన్ మొదట్లో 260 ప్రొఫెషనల్ మ్యాచ్‌లకు మించి ఆడి ఉండకూడదు, ఒకరికి 320 దాకా వెసులుబాటు. 260 మ్యాచ్‌లంటే మూడు సీజన్ల పైమాటే. అంతదాకా కుర్రాడు నేర్చుకుంటూనే ఉంటాడని కింది లీగ్ లెక్క.

వయసొక్కటే చూస్తే సరిపోదా? 23 దాటితే తీసేయడం సులువు కదా?

సులువే, న్యాయం కాదు. డ్రాఫ్ట్‌కు అర్హత రావాలంటే ఆ ఏడాది సెప్టెంబరు 15 నాటికి 18 నిండాలి. ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబరు 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పింది. ఆ ఏడాది స్విట్జర్లాండ్ వెళ్ళి జ్యూరిక్‌లో పెద్దవాళ్ళతో ఆడి, 2016లో మొదటి పేరుగా టొరంటోకు వచ్చి, తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. 2025లో మొదటి పేరుగా న్యూయార్క్ ఐలాండర్స్‌కు వెళ్ళిన మాథ్యూ షేఫర్ పుట్టింది 2007 సెప్టెంబరు 5న. పదకొండు రోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే 2026 దాకా ఆగాల్సిందే. ఈ ఇద్దరినీ ‘డ్రాఫ్ట్ తర్వాత రెండో ఏడు’ అని ఒకే వరుసలో నిలబెడితే, దాదాపు ఏడాది వయసు తేడా ఆ లెక్కలో మాయమైపోతుంది.

ఇంకో ఇబ్బంది దూరం నుంచి వచ్చేవాళ్ళతో. కిరిల్ కప్రిజోవ్‌ను మిన్నెసోటా 2015లో ఐదో రౌండులో, 135వ స్థానంలో తీసుకుంది. రష్యాలో కాంట్రాక్టు ముగించుకుని అతను 2020-21 సీజన్‌కు గానీ రాలేదు. 55 మ్యాచ్‌ల్లో 27 గోల్స్ కొట్టి కాల్డర్ గెలిచాడు. వయసు గీత 22 అని పెట్టుకున్నవాళ్ళు, మిన్నెసోటా చేతిలో ఉన్న అత్యంత విలువైన కుర్రాడిని అతను రాకముందే జాబితాలోంచి తీసేసి ఉండేవాళ్ళు.

వయసును నేను పూర్తిగా వదిలేయను. ఫార్వర్డ్‌కు 24, డిఫెన్స్‌మన్‌కు 25 నా చివరి హద్దు. డిఫెన్స్‌లో తప్పు చేస్తే నేరుగా గోల్ పడుతుంది కాబట్టి కోచ్‌లు అక్కడ కుర్రాళ్ళను నమ్మడానికి ఎక్కువ కాలం తీసుకుంటారు. ఆ ఆలస్యాన్ని ఆటగాడి ఖాతాలో వేయకూడదు.

గోల్‌కీపర్లకు కూడా ఇదే లెక్కా?

కాదు, వాళ్ళ లెక్కే వేరు. జట్టులో ఫార్వర్డ్‌లకు 12 చోట్లు, డిఫెన్స్‌కు ఆరు, గోలీకి నికరంగా ఒకటే. ముందున్నవాడు గాయపడాలి లేదా తడబడాలి, అప్పుడు గానీ తలుపు తెరుచుకోదు. లీగ్‌కూ ఇది తెలుసు. 20 ఏళ్ళకు సంతకం చేసిన గోలీకి వేవర్స్ మినహాయింపు నాలుగేళ్ళు, 18 ఏళ్ళకు చేస్తే ఆరేళ్ళు.

జోర్డన్ బినింగ్టన్‌ను సెయింట్ లూయిస్ 2011లో 88వ స్థానంలో తీసుకుంది. ఏడేళ్ళు కింద లీగుల్లోనే గడిచాయి. 2017-18లో సెయింట్ లూయిస్‌కు సొంత ఏహెచ్‌ఎల్ జట్టు లేకపోవడంతో అతన్ని బోస్టన్‌కు చెందిన ప్రావిడెన్స్ జట్టుకు అప్పుగా పంపారు. వేరే జట్టు శిబిరంలో, వేరే జట్టు గోలీల వెనక. ప్రాస్పెక్ట్ జాబితాల్లో అతని పేరు అప్పటికే కింద ఎక్కడో ఉంది. 2019 జనవరి మొదటి వారంలో సెయింట్ లూయిస్ లీగ్ మొత్తంలో అట్టడుగున ఉండగా, జనవరి 7న అతనికి మొదటిసారి ఆరంభం నుంచి ఆడే అవకాశం ఇచ్చారు. ఫిలడెల్ఫియా మీద ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, 3-0. జూన్ 12న ఫైనల్ ఏడో మ్యాచ్‌లో అదే బోస్టన్‌ను వాళ్ళ మంచు మీదే ఓడించి, సెయింట్ లూయిస్ తన చరిత్రలో తొలి స్టాన్లీ కప్ గెలిచింది. బినింగ్టన్‌కు అప్పుడు 25 ఏళ్ళు.

అందుకని గోలీకి నా హద్దు 26 ఏళ్ళు లేదా 45 మ్యాచ్‌లు. 45 ఎందుకంటే, ఒక సీజన్‌లో అన్ని మ్యాచ్‌లు ఆడాడంటే జట్టు అతన్ని ప్రధాన గోలీగానో, సగం భారం మోసేవాడిగానో ఒప్పుకున్నట్టే.

తొమ్మిది మ్యాచ్‌ల ట్రయల్ అంటుంటారు, అదేమిటి?

మొదటి కాంట్రాక్టు కాలం వయసును బట్టి ఉంటుంది: 18 నుంచి 21 మధ్య సంతకం చేస్తే మూడేళ్ళు, 22, 23లకు రెండేళ్ళు, 24కు ఒక ఏడాది. 18, 19 ఏళ్ళ కుర్రాడు ఆ సీజన్‌లో పదికంటే తక్కువ ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడితే, ఆ ఏడాది లెక్కలోకి రాకుండా కాంట్రాక్టు ముందుకు జరుగుతుంది. అందుకే తొమ్మిది ఆడించి, ఆలోచించుకుని, వెనక్కి పంపుతారు. తొమ్మిదో మ్యాచ్ తర్వాత వెనక్కి వెళ్ళాడంటే విఫలమయ్యాడని కాదు. జట్టు తన వెసులుబాటును కాపాడుకుంది, అంతే.

జూనియర్‌లో అందరికంటే బాగా ఆడుతున్నవాడిని ఏహెచ్‌ఎల్‌కు ఎందుకు పంపరు?

పంపాలని ఉన్నా వీల్లేని పరిస్థితి చాలాకాలం ఉంది. కెనడా జూనియర్ లీగుల నుంచి డ్రాఫ్ట్ అయినవాడు 20 ఏళ్ళ లోపు అయితే అటు ఎన్‌హెచ్‌ఎల్, ఇటు తన జూనియర్ జట్టు. మధ్య మెట్టు లేదు. పైన ఆడలేడు, కింద ఆడితే నేర్చుకునేదేమీ లేదు. 2026 నుంచి వచ్చే కొత్త ఒప్పందంలో ఒక్కో జట్టు ఒక 19 ఏళ్ళవాడిని ఏహెచ్‌ఎల్‌కు పంపుకునే వీలు కల్పించారు. ఎప్పుడో చేయాల్సిన పని.

ఈ ఇరుకులో నలిగినవాళ్ళలో డిలన్ స్ట్రోమ్ ఒకడు. 2015లో కానర్ మెక్‌డేవిడ్, జాక్ ఐకెల్‌ల తర్వాత మూడో పేరు. ఆరిజోనా 2016-17లో ఏడు మ్యాచ్‌లు ఆడించి మళ్ళీ జూనియర్‌కు పంపింది. అక్కడ అతను కెనడా జూనియర్ జట్ల టైటిల్ టోర్నీ అయిన 2017 మెమోరియల్ కప్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు కానీ, జనం నోట అప్పటికే “ఇక కష్టం” అన్న మాట వచ్చేసింది. 2018 నవంబరులో షికాగోకు ఇచ్చేశారు. తర్వాత వాషింగ్టన్ చేరి, 2024-25లో 80కి పైగా పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) సాధించాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడి గురించి “ఇక కష్టం” అనేవాళ్ళకు నేను స్ట్రోమ్ పేరే చెబుతాను.

ఫెయిల్ అయ్యాడని ఎప్పుడు అనవచ్చు?

ప్రాస్పెక్ట్ గడువు ముగియడం ఒకటి, ఫెయిల్ అవ్వడం ఒకటి. ఈ రెండూ కలిపేయడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

2012లో మొదటి పేరు నైల్ యాకుపోవ్. 350 ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు ఆడి, 24 ఏళ్ళకే లీగ్ వదిలి రష్యా వెళ్ళిపోయాడు. మొదటి స్థానానికి తగ్గ ఆట రాలేదన్నది నిజం. కానీ 350 మ్యాచ్‌లు ఆడినవాడిని చివర్లో కూడా ‘విఫలమైన ప్రాస్పెక్ట్’ అనడం సరికాదు. మొదటి 80 మ్యాచ్‌లు దాటాక అతను లీగ్ ఆటగాడు, ఆ తర్వాత కొలవాల్సింది ఆటగాడిగానే.

దీనికి రెండో వైపు సామ్ బెనెట్. 2014లో కాల్గరీ నాలుగో పేరుగా తీసుకుంది. అక్కడ 400కు పైగా మ్యాచ్‌లు ఆడినా, ఆ స్థానానికి తగినట్టు ఎదగలేదన్న మాట వెంటాడింది. 2021 ఏప్రిల్‌లో ఫ్లోరిడాకు ఇచ్చేశారు. నాలుగేళ్ళ తర్వాత, 2025 ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి, వరసగా రెండో కప్ గెలిచిన జట్టులో కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. ప్రాస్పెక్ట్ అన్న పేరు పోయిన చాలా ఏళ్ళకు అతని అసలు ఆట బయటపడింది. ఒక ఆటగాడు ఎదగడం ఆగిపోయే వయసు, మనం అతని మీద ఆశ వదులుకునే వయసు ఒకటి కావు.

డ్రాఫ్ట్ చేసిన జట్టు సంతకం చేయించుకోకపోతే?

హక్కులకు గడువుంటుంది. 2013 ఒప్పందం కింద కెనడా జూనియర్ ఆటగాళ్ళకు అది రెండేళ్ళు, ఆలోపు సంతకం కాకపోతే మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి. కాలేజీ ఆటగాడైతే నాలుగేళ్ళ చదువు ముగిసిన ఆగస్టు 15 దాకా. నాష్‌విల్ 2012లో తీసుకున్న జిమ్మీ వీసీ హార్వర్డ్‌లో నాలుగేళ్ళూ ఆడి, ఆ తేదీ దాకా ఆగి, 2016లో న్యూయార్క్ రేంజర్స్‌తో సంతకం చేశాడు. ఇక్కడ గడువు జట్టుకే తీరింది. అప్పటికి వీసీ ఇంకా ప్రాస్పెక్టే, జట్టు పేరు మారిందంతే.

అసలు డ్రాఫ్టే కానివాళ్ళ సంగతి?

మార్టిన్ సాన్ లూయీని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. చాలా పొట్టి అన్నారు. వెర్మాంట్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు, కాల్గరీ తీసుకుని 2000లో వదిలేసింది. టాంపా చేరేనాటికి పాతికేళ్ళు. 2004లో లీగ్‌లో అత్యధిక పాయింట్లు, అత్యంత విలువైన ఆటగాడి ట్రోఫీ, స్టాన్లీ కప్, అన్నీ ఒకే ఏడాదిలో. ఏ జాబితా గీత కూడా ఇలాంటివాడిని పట్టుకోలేదు. అలాంటివాళ్ళ కోసం గీత జరపాల్సిన పని లేదు, కళ్ళు తెరిచి ఉంచితే చాలు.

భారత మూలాలున్న కుర్రాళ్ళు ఈ దారిలో ఎక్కడిదాకా వెళ్ళారు?

తెలుగు ఇంటిపేరు ఇప్పటిదాకా నా జాబితాకు ఎక్కలేదు, ఎక్కాలని గట్టిగా కోరుకుంటున్నాను. పంజాబీ కుటుంబాలు మాత్రం ఎప్పుడో దారి వేశాయి. 1989లో వాషింగ్టన్ తరఫున ఆడిన రాబిన్ బావా ఎన్‌హెచ్‌ఎల్‌లో భారత మూలాలున్న తొలి ఆటగాడు. మొత్తం 61 మ్యాచ్‌లు. 1998లో న్యూయార్క్ రేంజర్స్ ఏడో పేరుగా తీసుకున్న మానీ మల్హోత్రా 991 మ్యాచ్‌లు ఆడాడు.

ఇప్పటి కథ అర్ష్‌దీప్ బెయిన్స్‌ది. బ్రిటిష్ కొలంబియాలోని సర్రే కుర్రాడు. డ్రాఫ్ట్ కాలేదు. 2021-22లో రెడ్ డీర్ తరఫున 112 పాయింట్లతో, కెనడా జూనియర్ లీగుల్లో ఒకటైన వెస్ట్రన్ హాకీ లీగ్ మొత్తానికి అగ్రస్థానంలో నిలిచాడు, ఆ సీజన్‌లోనే వాంకూవర్ సంతకం చేయించుకుంది. 2024 ఫిబ్రవరిలో తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్. 2025లో ఏహెచ్‌ఎల్ కాల్డర్ కప్ గెలిచిన అబాట్స్‌ఫోర్డ్ జట్టులో అతనున్నాడు, ఆ జట్టు కోచ్ మానీ మల్హోత్రాయే. రూకీల కాల్డర్ ట్రోఫీ, ఏహెచ్‌ఎల్ కాల్డర్ కప్ వేర్వేరు. రెండూ లీగ్ తొలి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ పేరు మీదివి. బెయిన్స్ లాంటివాళ్ళ విషయంలో వయసు గీత ఎంత అన్యాయమో తెలుస్తుంది. చాలామంది ప్రాస్పెక్ట్‌లకు మూడేళ్ళ గడువు గడిచిపోయే 21 ఏళ్ళ వయసులో అతని గడువు మొదలైంది.

మా అబ్బాయికి 15. టాప్ టీమ్‌లోకి తీసుకోలేదు. ఇక ఆశ లేదా అండీ?

ఇలా అడిగే తల్లిదండ్రులతో నేను ముందు అడిగేది పుట్టిన నెల. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడు ఒకే వయసు విభాగంలో పోటీపడతారు. 14, 15 ఏళ్ళప్పుడు ఆ పదకొండు నెలల తేడా భుజాల్లో, స్కేటింగ్ వేగంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఎంపిక చేసేవాళ్ళు పెద్దగా కనిపించేవాడిని తీసుకుంటారు, వాడికి మంచి కోచింగ్ దొరుకుతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. మీ అబ్బాయి అక్టోబరులోనో నవంబరులోనో పుట్టి, చివరిదాకా పోటీలో నిలిచాడంటే అది చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి. అమెరికా కాలేజీ హాకీలో చాలామంది 19, 20 ఏళ్ళకు అడుగుపెడతారు. 2025-26 నుంచి కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్ళకూ కాలేజీ తలుపులు తెరుచుకున్నాయి. అంతకుముందు 16 ఏళ్ళకే ఈ దారి కావాలా, ఆ దారి కావాలా అని తేల్చుకోవాల్సి వచ్చేది, ఇంట్లో అందరికీ అదో టెన్షన్. ఇప్పుడా ఒత్తిడి తగ్గింది. 15 ఏళ్ళవాడిని ప్రాస్పెక్ట్ అనే అధికారమే ఎవరికీ లేదు, అలాంటప్పుడు కాదని తేల్చే అధికారం ఎక్కడిది? వాడికి ఐస్ మీదికి వెళ్ళాలని ఉందా లేదా చూడండి. పొద్దున్నే అయిదింటికి మీరు లేపకుండా లేస్తున్నాడా? అది చాలు ప్రస్తుతానికి.

మ్యాచ్ చూసేటప్పుడు కుర్రాడు ‘ఎదిగాడు’ అని ఎలా గుర్తుపట్టాలి?

గోల్స్ లెక్కపెట్టకండి. ఒక్క గోల్ ఆధిక్యంలో ఉండి ఆఖరి ఐదు నిమిషాలు మిగిలినప్పుడు కోచ్ అతన్ని దింపుతున్నాడా? సొంత గోల్ వైపు ఫేస్‌ఆఫ్ (రిఫరీ పక్ వదిలి ఆట మళ్ళీ మొదలుపెట్టడం) ఉన్నప్పుడు బెంచీ మీద ఉంచుతున్నాడా? తప్పు చేశాక తర్వాతి షిఫ్ట్, అంటే మంచు మీద మరో విడత, ఇస్తున్నాడా, మూడో పీరియడ్ అంతా కూర్చోబెడుతున్నాడా? కోచ్ నమ్మకం ఈ మూడింటిలో తెలిసిపోతుంది. డాలస్‌లో వాయట్ జాన్‌స్టన్ 2022-23లో 19 ఏళ్ళకు జట్టులోకి వచ్చి 24 గోల్స్ కొట్టాడు. డ్రాఫ్ట్‌కు ముందు సీజన్ కోవిడ్ వల్ల రద్దవడంతో అతను తన జూనియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు, అందుకే 23వ స్థానం దాకా దొరికాడు. ఆ రూకీ సీజన్‌లో నేను గోల్స్ కంటే ఎక్కువ గమనించింది, అనుభవజ్ఞుల పక్కన అతనికి చోటు ఎంత త్వరగా ఖాయమైందన్నది.

జాబితాలోంచి తీసేసిన పేరును మళ్ళీ చేరుస్తారా?

ఎదిగి వెళ్ళినవాడిని చేర్చను. తర్వాత తడబడి కిందికి వెళ్ళినా అతను ఇక ప్రాస్పెక్ట్ కాదు, కష్టకాలంలో ఉన్న ఆటగాడు. గడువు దాటి పోయినవాడి విషయంలో ఒక సడలింపు ఉంది: 80 మ్యాచ్‌లు ఆడకుండా, కొత్త జట్టు నమ్మి సంతకం చేయించుకుంటే ఒక్క సీజన్ మళ్ళీ చూస్తాను. కార్టర్ వర్హేగీ దీనికి కారణం. 2013లో టొరంటో 82వ స్థానంలో తీసుకుంది, తర్వాత వదులుకుంది. ఏహెచ్‌ఎల్ కంటే కింది లీగ్ దాకా దిగాడు. 2018-19లో సైరక్యూస్ తరఫున ఏహెచ్‌ఎల్ మొత్తంలో అత్యధికంగా 82 పాయింట్లు సాధించి, 24 ఏళ్ళకు టాంపాలో తొలి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఆడాడు. ఆ 2019-20 సీజన్‌లోనే స్టాన్లీ కప్ గెలిచాడు. ఆపైన ఫ్లోరిడా చేరి, 2022-23లో 42 గోల్స్ కొట్టి, 2024లో, 2025లో మరో రెండు కప్పులు గెలిచాడు.